థియేటర్ గుమ్మంలో కులం ఎందుకు అడుగుతారు?

ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం మత్తు డాక్టరు మంచం దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్నలు బంధువులకి కాస్త విడ్డూరంగానే ఉంటాయి. ఆపరేషనేమో గాల్‌బ్లాడర్‌లో రాయికి. ఈయన మాత్రం నోరు తెరవమంటాడు, నాలుక బయట పెట్టమంటాడు, మెడ వెనక్కి వంచమంటాడు. కట్టుడుపళ్లున్నాయా, కదిలే పన్నేమైనా ఉందా అంటాడు. పొలానికి మందు కొట్టి ఎన్నాళ్లయిందంటాడు. ఇవన్నీ అయ్యాక కొంచెం మొహమాటపడుతూ, "ఏమీ అనుకోకండి, మీరు ఆర్యవైశ్యులా అండీ?" అంటాడు.

ఆ చివరి ప్రశ్నకి మొహం చిట్లించుకునేవాళ్లున్నారు. కులం అడిగి వైద్యం చేస్తారా అని గొడవకి దిగేవాళ్లూ ఉంటారు. ఇంటిపేరునీ, పేరు చివర గుప్తనీ చూసి తామే ఊహించుకుని, అడగకుండా ఊరుకునే డాక్టర్లూ ఉన్నారు. సత్తెనపల్లి లాంటి ఊళ్లో, పత్తి వ్యాపారం నుంచి కిరాణా కొట్టు దాకా వైశ్య కుటుంబాలు తరతరాలుగా స్థిరపడినచోట, ఈ ప్రశ్న అడగాల్సిందే. అడగడానికి కారణం రోగి ఊపిరి. మిగతా ప్రశ్నలూ దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఒక అపోహ తీసేయాలి. మత్తంటే నిద్ర ఒక్కటే అనుకుంటాం. పూర్తి మత్తులో మూడు పనులు విడివిడిగా జరుగుతాయి: తెలివి లేకుండా చేయడం, నొప్పి అణచడం, కండరాలను వదులు చేయడం. నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి చేసే సిజేరియన్, హెర్నియా, మోకాలి ఆపరేషన్లలో సాధారణంగా ఈ మూడో పని ఊపిరి జోలికి రాదు. నడుము కింద మొద్దుబారుతుంది, రోగి మాట్లాడుతూనే ఉంటాడు, తన ఊపిరి తనే తీసుకుంటాడు. కెమెరా పెట్టి చిన్న చిల్లుల్లోంచి గాల్‌బ్లాడర్ తీసేటప్పుడు, పొట్ట పైభాగంలో పెద్ద ఆపరేషన్లప్పుడు సంగతి వేరు. పొట్ట కండరాలు బిగుసుకుని ఉంటే సర్జన్ చెయ్యి ఆడదు. వాటిని వదులు చేసే మందుకి పొట్ట ఏదో ఛాతీ ఏదో తెలీదు. కనురెప్ప దగ్గర్నుంచి కాలి బొటనవేలి దాకా మన ఇష్టప్రకారం కదిలే ప్రతి కండరాన్నీ అది పడేస్తుంది. ఊపిరి తీయించే డయాఫ్రమ్ కూడా అందులోదే. గుండె వేరే రకం కండరం కాబట్టి దాని పని అది చేసుకుపోతుంది.

అంటే మత్తు డాక్టరు కావాలనే మన ఊపిరి ఆపుతాడు. ఆపి, గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి, ఆ బాధ్యత తను తీసుకుంటాడు. పని అయ్యాక తిరిగి మనకి అప్పజెపుతాడు. తీసుకునేటప్పుడు ఒక ప్రమాదం, అప్పజెప్పేటప్పుడు ఇంకో ప్రమాదం.

ఈ పద్ధతి మరీ పాతదేం కాదు. 1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు, దక్షిణ అమెరికా అడవుల్లో బాణాలకు పూసే క్యురారే విషం నుంచి తీసిన మందును అపెండిక్స్ ఆపరేషన్‌లో వాడారు. అంతకుముందు పొట్ట వదులవ్వాలంటే ఈథర్‌ని ప్రాణం మీదికి వచ్చేంత లోతుగా పట్టించాల్సి వచ్చేది. క్యురారే వచ్చాక తేలిక మత్తుతోనే పని జరిగింది. అయితే ఈ మందు మనిషిని నిద్ర కూడా పుచ్చుతుందా అన్న అనుమానం కొన్నాళ్లు ఉండిపోయింది. 1947లో అమెరికాలో స్కాట్ స్మిత్ అనే డాక్టరు మెలకువగా ఉండి తన ఒంట్లోకే ఆ మందు ఎక్కించుకుని తేల్చాడు. ఒళ్లంతా పడిపోయింది, ఊపిరి పక్కవాళ్లు పోయాల్సి వచ్చింది, కానీ గదిలో అన్న ప్రతి మాటా ఆయనకి గుర్తుంది. కండరాల మందు నొప్పినీ తగ్గించదు, తెలివినీ తప్పించదు. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి, దీనితో మళ్లీ పనుంది.

ఇక నోరు తెరవమనడం. ఈ పరీక్షకి ప్రపంచమంతా మల్లంపాటి పేరే. ఏ దేశంలో ఆపరేషన్‌కి వెళ్లినా కేస్ షీటులో ఆ తెలుగు ఇంటిపేరు రాసి, పక్కన ఒకటో రెండో మూడో నాలుగో వేస్తారు. ఆయన మన గుంటూరు జిల్లాలో పుట్టి, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లి బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు. 1983లో ఒక చిన్న ఉత్తరంగా తన ఊహను కెనడా మత్తు డాక్టర్ల పత్రికకి రాశారు. 1985లో 210 మంది రోగుల్ని పరీక్షించి అదే పత్రికలో వివరంగా ప్రచురించారు. విషయం చాలా సులువు. రోగిని కూర్చోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక చాపమనాలి. 'ఆ' అనమనకూడదు, అంటే అంగిలి పైకి లేచి లెక్క తప్పుతుంది. లోపల కొండనాలుక, దానికి అటూ ఇటూ ఉండే మడతలు పూర్తిగా కనిపిస్తే గొట్టం మామూలుగా పడుతుంది. నాలుక అడ్డొచ్చి అవి మరుగున పడితే కష్టం కావొచ్చు. ఆయన మూడు తరగతులు చెప్పారు. 1987లో శాంసూన్, యంగ్ అనే ఇద్దరు నాలుగోది చేర్చారు.

ఇందులో యంత్రం లేదు, ఖర్చు లేదు, టార్చిలైటు ఉంటే చాలు. అందుకే బోస్టన్‌లో పనికొచ్చినట్టే పల్నాడు జిల్లా పల్లెల్లోనూ పనికొస్తుంది. కానీ దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. ఒకటో తరగతి అని రాసినవాళ్లకీ ఒక్కోసారి గొట్టం పడదు, నాలుగో తరగతి వాళ్లకి మొదటి ప్రయత్నంలోనే పడిపోవచ్చు. అందుకే మెడ ఎంత వంగుతుంది, గడ్డం పొట్టిదా, నోట్లో మూడు వేళ్లు పడతాయా అని కూడా చూస్తారు. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకి బుగ్గలు లోపల్నుంచి గట్టిపడి రెండు వేళ్లు కూడా పట్టని నోళ్లుంటాయి. అలాంటివాళ్లు తిండి తినడానికి అలవాటుపడిపోయి ఆ సంగతి ఎవరికీ చెప్పరు. ముందే తెలిస్తే మెలకువగా ఉంచే, సన్నని కెమెరా తీగతో ముక్కులోంచి గొట్టం వేయొచ్చు. ఊపిరి ఆపేశాక తెలిస్తే, చేతిలో ఉండేవి కొన్ని నిమిషాలే.

ఆ నిమిషాలు సంపాదించడానికే మత్తుకి ముందు మాస్కు పెట్టి మూడు నిమిషాలు శుద్ధమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. ఊపిరితిత్తుల్లో ఉన్న నైట్రోజన్ పోయి ఆ చోటంతా ఆక్సిజన్ నిండుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషికి ఊపిరి ఆగినా ఆరేడు నిమిషాల పైనే రక్తంలో ఆక్సిజన్ నిలబడుతుంది. బాగా లావుగా ఉన్నవాళ్లకీ, నిండు గర్భిణికీ అందులో సగం కూడా ఉండదు. మాస్కు చూసి కంగారుపడి మొహం తిప్పేసుకునేవాళ్లు ఆ నిల్వని తామే పోగొట్టుకుంటున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. కండరాలు వదులు చేసే మందుల్లో అన్నిటికన్నా తొందరగా పనిచేసేది సక్సినైల్‌కోలిన్. మన థియేటర్లలో స్కోలిన్ అంటారు. 1950ల తొలి ఏళ్ల నుంచి వాడకంలో ఉంది. నరంలోకి ఎక్కించిన నిమిషంలోపే పనిచేస్తుంది. కనురెప్పలు, బుగ్గలు, భుజాలు, వేళ్లు ఒకదాని వెంట ఒకటి సన్నగా అదిరి, తర్వాత ఒళ్లంతా సడలిపోతుంది. ఆ అదురు వల్లే మర్నాడు కొందరికి మూటలు మోసినట్టు ఒళ్లు నొప్పులుంటాయి. ఐదు నుంచి పది నిమిషాల్లో మందు దిగిపోతుంది, ఊపిరి తిరిగొస్తుంది. కడుపు నిండా తిన్నాక యాక్సిడెంటై వచ్చినవాళ్లకి, నడుము ఇంజెక్షన్‌కి టైము లేని సిజేరియన్లకి డాక్టర్లు దీన్నే నమ్ముకునేది ఈ వేగం చూసే. మానసిక వైద్యంలో కరెంటు చికిత్సకి ముందు కూడా ఇదే వాడతారు.

అంత తొందరగా ఎలా దిగిపోతుందంటే, మన రక్తంలో దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది. బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ దాని పేరు, సూడోకోలినెస్టరేజ్ అని పాత పేరు. కాలేయం తయారుచేస్తుంది. గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర పది బస్తాలొస్తే తొమ్మిదిటిని అక్కడే వెనక్కి పంపి ఒక్కదాన్నే లోపలికి వదిలినట్టు, ఎక్కించిన స్కోలిన్‌లో చాలా భాగాన్ని ఈ ఎంజైము రక్తంలోనే పాడుచేస్తుంది. కండరం దాకా చేరేది కొంచెమే. డోసు లెక్క కూడా అది చూసుకునే వేశారు. గేటు దగ్గర మనిషే లేకపోతే పది బస్తాలూ లోపలికెళతాయి, మళ్లీ బయటికి పంపేవాడూ ఉండడు. పది నిమిషాల మందు మూడు నాలుగు గంటలు, ఒక్కొక్కరిలో ఎనిమిది గంటల దాకా మనిషిని కదలనివ్వదు. దీన్నే స్కోలిన్ అప్నియా అంటారు.

ఈ ఎంజైము పూర్తిగా లేనివాళ్లు ఐరోపా దేశాల్లో లక్షకి ఒకరు. మన ఆర్యవైశ్యుల్లో అది ఎక్కువని 1979లోనే హ్యూమన్ జెనెటిక్స్ పత్రికలో ఆంధ్రప్రదేశ్ వైశ్యుల మీద ఒక పత్రం వచ్చింది. తర్వాత కోయంబత్తూరులో స్థిరపడ్డ వైశ్య కుటుంబాల మీద భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అమెరికాలోని నెబ్రాస్కా శాస్త్రవేత్త ఒక్సానా లాక్‌రిడ్జ్‌తో కలిసి పనిచేసి, 2006లో కారణం పట్టుకున్నారు. మూడో క్రోమోజోము మీద ఉండే జన్యువులో ఒక్క అక్షరం మారింది. దాంతో ఎంజైము గొలుసులో 307వ చోట లూసిన్ ఉండాల్సిందల్లా ప్రోలిన్ అయింది. ఆ ఒక్క మార్పుకే ఎంజైము నిలబడలేక చెడిపోతుంది. ఐరోపా, అమెరికా వాళ్లతో పోలిస్తే కోయంబత్తూరు వైశ్యుల్లో ఇది నాలుగు వేల రెట్లు ఎక్కువని వాళ్లు లెక్కగట్టారు. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన ఇంకో పత్రం ఇతర సముదాయాలతో పోల్చి సుమారు వంద రెట్లంది. పోలిక ఎవరితో, నమూనా ఏ ఊరిదన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ఏ లెక్క చూసినా వైశ్యుల్లో ఎంజైము బొత్తిగా లేనివాళ్లు తక్కువమందే.

ఈ కులంలోనే ఎందుకంటే, పెళ్లిళ్లు. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి చేసిన జన్యు పరిశోధనలో, వైశ్యులు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, రెండు వేల ఏళ్లకు పైగా బయటివాళ్లతో దాదాపు కలవకుండా ఉన్నారని తేలింది. గోత్రం తప్పించి చేసుకున్నా వలయం ఆ కులమే. ఆ కొద్దిమందిలో ఒకరికున్న మార్పు లక్షలమందికి చేరింది. ఇది వైశ్యుల తప్పు కాదు, వైశ్యులకే పరిమితమైన సంగతీ కాదు. మన దేశంలో కులం లోపలే పెళ్లిళ్లు చేసుకున్న ఏ గుంపులోనైనా ఇలాంటిది ఏదో ఒకటి ఉండొచ్చని ఆ 2017 పత్రం చెప్పేది. వైశ్యులది ముందు బయటపడింది, అంతే.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులూ వస్తేనే ఎంజైము పూర్తిగా పోతుంది. ఒకటే వస్తే మందు కాసేపు ఎక్కువ నిలుస్తుంది, పెద్ద ఇబ్బంది ఉండదు. ఎంజైము బొత్తిగా లేనివాళ్లు కూడా రోజువారీ జీవితంలో మామూలుగానే ఉంటారు. కోయంబత్తూరు పరిశోధకులు అలాంటివాళ్ల ఆరోగ్యాన్ని ప్రత్యేకంగా పరిశీలించి 2007లో అదే చెప్పారు. కాబట్టి ఇది జబ్బు కాదు. ఒక మందు ఒంట్లోకి వెళ్లేదాకా ఉన్నట్టే తెలియని లక్షణం.

ఆ మందు వెళ్లాక తెలిస్తే ఏం చేస్తారు? ఇక్కడే బొటనవేలి దగ్గరికి రావాలి. మణికట్టు లోపలి వైపు, చిటికెన వేలి పక్కన నరం మీద రెండు అంటుడు బిళ్లలు పెట్టి, చిన్న పెట్టెలోంచి రెండు సెకన్లలో నాలుగు సార్లు సన్నగా కరెంటు తగిలిస్తారు. బొటనవేలు లోపలికి ఎన్నిసార్లు ముడుచుకుందో చూస్తారు. 1970 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ వైద్యులు అలీ, అటింగ్, గ్రే ఈ పద్ధతి తెచ్చారు. అట్రాక్యురియం, వెక్యురోనియం లాంటి మామూలు మందులిచ్చినప్పుడు నాలుగో కదలిక మొదటిదాని కన్నా బలహీనంగా ఉంటుంది. మందు దిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. నాలుగోది మొదటిదాంట్లో 90 శాతానికి తక్కువ కాకుండా వస్తేనే గొట్టం తీయాలన్నది ఇవాళ్టి నియమం. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీన్ని యంత్రంతో కొలవాలనీ, కంటి అంచనా మీద ఆధారపడొద్దనీ చెప్పింది. కారణముంది: నాలుగోది సగానికి సగం తగ్గినా కంటికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి.

ఇదంత పట్టింపు ఎందుకంటే, డయాఫ్రమ్ ముందే కోలుకుంటుంది. రోగి ఊపిరి తీస్తున్నాడు, కళ్లు తెరిచాడు, పిలిస్తే పలికాడు, గొట్టం తీసేద్దాం అనిపిస్తుంది. గొంతు కండరాలు మాత్రం ఇంకా వాలే ఉంటాయి. రికవరీ గదిలో నాలుక వెనక్కి పడి దారి మూసుకుంటుంది, లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తల ఐదు సెకన్లు ఎత్తి ఉంచగలడా, చెయ్యి గట్టిగా పట్టుకోగలడా అన్న పాత పరీక్షలు ఈ మిగులుని పట్టుకోలేవు. ఇంత చెప్పినా, ఆ చిన్న పెట్టె మన చిన్న నర్సింగ్‌హోముల్లో అన్నిచోట్లా కనిపించదు. ఎల్‌ఈడీ లైట్లకీ, రిసెప్షన్‌లో సోఫాలకీ పెట్టే డబ్బుతో పోలిస్తే అదేమంత పెద్ద ఖర్చని నాకనిపించదు.

స్కోలిన్ ఇచ్చి ఇరవై నిమిషాలైనా బొటనవేలు కదల్లేదంటే డాక్టరుకి అర్థమవుతుంది. అప్పుడు చేయాల్సింది ఒకటే: వెంటిలేటర్ మీద ఉంచి, నిద్రమందు ఆపకుండా ఇస్తూ, కాచుకోవడం. స్కాట్ స్మిత్ ఇక్కడ గుర్తుకు రావాలి. కండరాలు పడి ఉన్నాయి, సర్జన్ కుట్లు వేసి వెళ్లిపోయాడు, నిద్రమందు ఆపేశారనుకోండి. లోపల మనిషి మెలకువగా ఉండి, కనురెప్ప కూడా ఎత్తలేక, అన్నీ వింటూ ఉంటాడు. అంతకు మించిన నరకం లేదు. నిద్రలో ఉంచి గంటల తరబడి కాచుకుంటే మాత్రం మందు మెల్లగా తనంతట తనే దిగిపోతుంది, మనిషి క్షేమంగా లేస్తాడు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకి "ఇంకా మత్తు వదల్లేదు" అని చెప్పి వదిలేయకుండా, కారణం ఇదీ అని చెప్పే డాక్టరు దొరికితే సగం గొడవ తప్పుతుంది.

మామూలు మందులకి విరుగుడుగా ఇచ్చే నియోస్టిగ్మిన్‌ని మాత్రం ఇక్కడ వాడరు. దాని కథ మన పత్తి రైతుకి కొత్తేం కాదు. నరం కొసనుంచి వచ్చి కండరాన్ని కదిలించే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైముని అది కాసేపు ఆపుతుంది. దాంతో ఆ రసాయనం పోగై, కండరం మీద కూర్చున్న మందుని పక్కకి నెట్టేస్తుంది. పొలంలో వేసే కార్బొఫ్యురాన్ గుళికలు పురుగుని చంపేదీ అదే దారిలో. రెండూ ఒకే రసాయన కుటుంబం, తేడా డోసుది. అందుకే నియోస్టిగ్మిన్‌తో పాటు నాడి పడిపోకుండా, నోట్లో నీరు ఊరకుండా ఇంకో మందు కలిపి ఇస్తారు. ఆ నియోస్టిగ్మిన్ సూడోకోలినెస్టరేజ్‌ని కూడా అణిచేస్తుంది కాబట్టి, స్కోలిన్ దిగక ఇబ్బంది పడుతున్నవాళ్లకి ఇస్తే ఉన్న కాస్త ఎంజైమూ పోతుంది.

1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తుడిచిపెట్టినప్పటి నుంచీ ఈ నేల మీద పురుగుమందు వాడకం ఎలా ఉందో వేరే చెప్పక్కర్లేదు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఈ రెండు ఎంజైముల్నీ దెబ్బతీస్తాయి. మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా వరసగా మందు కొట్టిన రైతు రక్తంలో సూడోకోలినెస్టరేజ్ తగ్గి ఉండొచ్చు, తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది. మందు కొట్టి ఎన్నాళ్లయిందన్న ప్రశ్న అందుకే. పురుగుమందు తాగి వచ్చినవాళ్లకి గొట్టం వేయాల్సి వస్తే స్కోలిన్ దూరంగా పెడతారు. వాళ్లు మొదటి రోజు గండం గడిచి తేరుకున్నట్టే ఉండి, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య హఠాత్తుగా ఊపిరి ఆడక వెంటిలేటర్ మీదికి వెళ్లడం కూడా కండరాలు పడిపోవడమే. 1987లో శ్రీలంక వైద్యులు దీన్ని గుర్తించి పేరు పెట్టారు. మొదటి సూచన మెడలో కనిపిస్తుంది, దిండు మీంచి తల ఎత్తలేరు. బాగున్నాడు కదా అని బతిమాలి ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఈ నాలుగు రోజులూ ఆగాలి.

పురుగుమందు తాగిన కేసుల్లో చేయించే కోలినెస్టరేజ్ రక్తపరీక్షే ఆపరేషన్‌కి ముందు ఈ లక్షణం ఉందో లేదో చెప్పే పరీక్ష కూడా. కాలేయం చెడినా, గర్భంతో ఉన్నా కొంత తగ్గుతుంది కానీ, బొత్తిగా అట్టడుక్కి పోయిందంటే జన్యువుని అనుమానించాలి. ఆపరేషన్ తప్పదన్నా భయం లేదు. అట్రాక్యురియం ఒంట్లో ఈ ఎంజైము సాయం లేకుండానే విడిపోతుంది. తొందరగా గొట్టం వేయాలంటే రోక్యురోనియం ఉంది, దానికి నిమిషాల్లో పనిచేసే సుగమ్మడెక్స్ అనే విరుగుడూ ఉంది. కండరాల మందుల్లో తప్పించాల్సినవి స్కోలిన్, మైవాక్యురియం రెండే.

నన్నడిగితే, కులం అడగడం కన్నా ముందు ప్రతివాళ్లనీ అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: మీకు గానీ మీ ఇంట్లో ఎవరికైనా గానీ ఆపరేషన్ తర్వాత ఊపిరి రావడం ఆలస్యమైందా? "మా మేనత్తని రాత్రంతా మిషన్ మీద ఉంచారంట" అన్న ఒక్క మాట చాలు, డాక్టరు మందు మార్చేస్తాడు. అలా జరిగినవాళ్లు డిశ్చార్జి కాగితంలో స్కోలిన్ పడలేదని రాయించుకోవాలి. మనలో చాలామంది బిల్లు దాచుకుంటారు, ఆ కాగితం పారేస్తారు. ఒకరికి ఎంజైము లేదని తేలితే తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, కాబట్టి వాళ్లూ ఆ రక్తపరీక్ష చేయించుకోవాలి. అందరికన్నా ముందు, పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న చెల్లెలు. రేపు ఆమెకి కాన్పులో నడుము ఇంజెక్షన్‌కి టైము లేక ఫుల్ మత్తే ఇవ్వాల్సి వస్తే, ఆ థియేటర్లో ఎవరికీ ఈ అన్నయ్య సంగతి తెలీదు. రిపోర్టు ఫొటో తీసి ఆమె ఫోనుకి పంపడానికి అర నిమిషం పడుతుంది.